మా అమ్మమ్మ పట్టిన బాట

దగ్గరికి జరుగున్రి బిడ్డా, చలి పెడుతున్నది. చెరుకాకు గుప్పున మండి చప్పున ఆరుతది. నడుమ ఆ తుమ్మ మొద్దు పెట్టున్రి, అది పొద్దుపోయేదాక ఉంటది. మీరు అడిగిన ముచ్చట జర పొడుగున్నది. మా అమ్మమ్మ ప్రభువు ఎంబడి ఎట్ల పోయింది, ఆ పోవుడుకు ఎవరెవరు ఏమేం ఇచ్చుకున్నరు, అంత చెప్త. సగం చెప్పి సగం దాస్తే అది సాక్ష్యం కాదు.

ముందుగాల ఊరి సంగతి. ఇప్పుడు మీరు చూస్తున్న రుద్రూర్ గా దినాలల్ల ఇట్ల లేకుండె. మంజీర మీద నిజాంసాగర్ కట్టుడు 1923ల మొదలువెట్టి 1931ల పూర్తి చేసిన్రు. కాల్వ నీళ్లు వచ్చినంకనే ఈడ ఇంత వరి, ఇంత చెరుకు. ఆ నీళ్లను నమ్ముకొని ఆంధ్ర దిక్కు నుంచి రైతులు వచ్చి వర్ని చుట్టుపక్కల క్యాంపులు వేసుకున్నరు. 1937ల బోధన్ కాడ శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేసింది. దానికి ముందు మా అసొంటోళ్లకు వాన పడితే గటక, పడకుంటే పస్తు. చెర్వు కింద పారే మడులు పటేండ్లయి, దొరలయి.

మేం మాదిగోళ్లం. మా వాడ ఊరికి అవతల. చచ్చిన పశువును మోసుడు, తోలు తీసుడు, చెప్పులు కుట్టుడు, డప్పు కొట్టుడు, పటేలు పిలిస్తే వెట్టికి ఉరుకుడు. దానికి కూలి లేదు. కోతలయినంక కల్లం కాడ మేర అని ఇన్ని గింజలు పోస్తరు. ఏడాది బతుకంత దాని మీదనే.

గప్పుడు మెదక్‌ల వెస్లియన్ మిషన్ ఉండె. పాస్నెట్ దొర దానికి పెద్ద. గని మా వాడకు వచ్చింది దొరలు కాదు, మన తెలుగు ఉపదేశులు. చేతుల లాంతరు, సంకల బైబిలు. పగలంత వాడోళ్లు వెట్టిల ఉంటరని రాత్రిపూట వచ్చేటోళ్లు. అక్షరాలు నేర్పిన్రు, పాటలు నేర్పిన్రు. మా తాత ఆ లాంతరు ఎలుగుల పేరు రాసుడు నేర్సుకున్నడు. తర్వాత తాత, అమ్మమ్మ ఇద్దరు బాప్తిస్మం తీసుకున్నరు.

ఆ యేడే జాతర వచ్చింది. డప్పు కొట్ట రమ్మని పటేలు మనిషిని పంపిండు. తాత నేను రాను అన్నడు. ఉపదేశులు అట్లనే నేర్పిన్రు: విగ్రహం ముందర డప్పు కొట్టద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినద్దు, ఆదివారం వెట్టికి పోవద్దు. చెప్పుడు అలక. ఈ మూడు మాటల మీద నిలవడ్డందుకు ఎన్ని ఊర్లల్ల ఎంతమంది తన్నులు తిన్నరో. మా తాతకు కల్లం కాడ మేర బంద్ చేసిన్రు. తాత వంగలే. గని ఆ యేడు పస్తున్నది తాత ఒక్కడేనా? అమ్మమ్మ గంజి పల్చగ కాసి పిల్లలకు పోసి తను కుండ కడిగిన నీళ్లు తాగేది. ఆ పిల్లలు బాప్తిస్మం తీసుకుంటమని అడగలే, జాతరకు పోమని అనలే. ఆకలి మాత్రం వాళ్లకు గూడ అయింది.

డప్పు మీద నాకు కోపం లేదు బిడ్డా. ఇయ్యాల మన గుళ్లల్లనే భజనకు డప్పు కొడుతున్నరు, కొట్టాలె కూడ. పిలువంగనే ఉరికి రావాలె, రాకుంటే నీ పిల్లలకు బువ్వ లేదు అనే బెదిరింపు ఉండె సూడు, తాత కాదన్నది దాన్ని.

తర్వాత మా అమ్మమ్మ చేతి మీద మచ్చ పడ్డది. గోకదు, నొవ్వదు, పాలిపోయినట్టు ఉంటది. ఒకనాడు పొయ్యి కాడ చెయ్యి కాలి బొబ్బలేస్తే ఆమెకు తెలవనే లేదు. తాత తల్లి చూసింది. పెద్దరోగం అన్నది. కుష్టు అనే మాట నోట్లకు రానిచ్చేటోళ్లు కాదు గప్పుడు.

ఆమెను ఎలివేసింది పటేలు అనుకుంటున్నరా? కాదు. మా వాడోళ్లే. ఊరు ముట్టుకోని మనుషులం మేము. ఆ మేమే మా ఆడిబిడ్డను ముట్టుకోలే. చెర్వుకట్ట కింద తాటాకు గుడిసె ఏసి, ఒక ముంత, ఒక గొంగడి ఇచ్చిన్రు. తాత పొద్దుమీకి సద్ది తెచ్చి రాయి మీద పెట్టి దూరం నిలవడి మాట్లాడి పోయేటోడు. మా అమ్మకు గప్పుడు అయిదేండ్లు. కట్ట మీద నిలవడి గుడిసె దిక్కు చూసేది. దగ్గరికి పోతే కొట్టి తీసుకొచ్చేటోళ్లు.

ఇట్ల ఏడాది నడిసింది. ఉపదేశి వచ్చి డిచ్‌పల్లిల దవఖాన ఉన్నది, నేను తోల్కపోత అన్నడు. బండి కట్టెటానికి ఎవ్వడు ఒప్పుకోలే. ఇద్దరు నడుసుకుంటనే పోయిన్రు. బోధన్, నిజామాబాద్, ఇంక అవతల డిచ్‌పల్లి. ఆయన ముందర నడిచి ఆమెను ఎనుక రమ్మనలే. పక్కన నడిచిండు. మా అమ్మమ్మ ముసలిదైనంక గూడ వాక్యం చెప్పుమంటే ఈ నడకనే చెప్పేది.

ఆ దవఖాన ఎట్ల లేసిందో మీకు తెలవాలె. ఇసబెల్ కెర్ అని స్కాట్లాండ్ డాక్టరమ్మ. 1875ల పుట్టింది, అబర్డీన్‌ల డాక్టరు చదివింది. పెనిమిటి జార్జ్ కెర్ మెథడిస్టు పాదిరి. 1907ల ఇద్దరు మన దేశం వచ్చిన్రు, నిజామాబాద్‌ల ఉండి పని చేసిన్రు. కుష్టు ఉన్నోళ్లు ఊర్లు వెళ్లగొట్టంగ దిక్కులేక తిరుగుతుంటే, వాళ్లకోసం జాగ చూసిన్రు. ఆ పనికి పైసలిచ్చిన పెద్ద చెయ్యి రాజా నర్సా గౌడ్‌ది, నిజామాబాద్ మనిషి, హిందువు. 1915ల డిచ్‌పల్లిల దవఖాన మొదలైంది. దేవుని ప్రేమ సంఘం రిజిస్టరుల పేరున్నోళ్ల సొత్తు కాదని మా అమ్మమ్మ ఎప్పుడు అంటుండె. ఆమెకు మందు పెట్టింది క్రైస్తవుల చెయ్యి, నీడ ఇచ్చింది హిందువు పైస. ఇద్దరి కోసం రోజు ప్రార్థన చేసేది.

నేను ఆడనే నర్సు పని చేసిన కాబట్టి మందు సంగతి గూడ చెప్త. గా కాలంల ఉన్న ఒక్క మందు చాల్‌మోగ్రా జాతి గింజల నూనె. ముందుగాల తాగిచ్చేటోళ్లు, కడుపుల నిలువక కక్కేటోళ్లు. కలకత్తాల సర్ లియోనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ అనే డాక్టర్లు ఆ నూనెలను సూదిమందు లెక్క ఇచ్చే తీరును బాగుచేసిన్రు. ఇసబెల్ డాక్టరమ్మ ఆ వైద్యాన్ని డిచ్‌పల్లికి తెచ్చింది. చిక్కటి నూనె, సూది దిగితే మంట, ఆడనే గడ్డ కట్టేది. అసొంటి సూదులు ఏండ్లకేండ్లు పొడిపిచ్చుకోవాలె. అందరికి నయం కాలే. రోగం తొందరగ పట్టుకున్నోళ్లకు చానమందికి నయమైంది. ఆ సేవకు 1923ల డాక్టరమ్మకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చిన్రు. వచ్చిన పాతికేండ్లకు, 1932ల ఆమె కన్నుమూసింది.

అమ్మమ్మ దవఖానల అడుగుపెట్టిన నాడు ఒక నర్సమ్మ పక్కన కూసొని, కండ్లు మూసుకో అని, ఈకతోని చెయ్యి మీద ముట్టిచ్చుకుంట ఈడ తెలుస్తుందా, ఈడ తెలుస్తుందా అని అడిగిందట. అది రోగం పరీక్ష. ఈ దినం దాక గూడ ముట్టిచ్చి చూసే పరీక్ష చేస్తరు. గని ఏడాది సంది మనిషి చెయ్యి తగలని ఆడిమనిషి, పక్కన ఇంకొక మనిషి మోకాలు ఆనుకొని కూసుంటే ఏమైతది? అమ్మమ్మ ఏడ్చుకుంట తెలుస్తున్నది, తెలుస్తున్నది అన్నదట, మొద్దువారిన కాడ గూడ. నర్సమ్మ నవ్వి, సరిగ చెప్పమ్మా, మందు పెట్టాలె గద అన్నదట.

అయిదేండ్లకు నయమైంది. ఎడమ చేతి రెండు ఏళ్లు వంకర్లు పోయినయి, అంతే. తాత పోయి తీసుకొచ్చుకున్నడు. వాడల కొంతమంది తలుపు తీసిన్రు, కొంతమంది వేసుకున్నరు. మా అమ్మకు గప్పటికి పదకొండేండ్లు. తల్లి కొంగు పట్టుకొని రెండు నెలలు విడువలే.

గా రెండు నెలలల్లనే అమ్మమ్మకు తెలిసింది. చుట్టుపక్కల పల్లెలల్ల ఇంక గుడిసెలున్నయి. కొట్టంల దాసిన కోడండ్లు, గుట్ట కింద వదిలేసిన ముసలోళ్లు. తను బతికొచ్చిన బాట వాళ్లకు తెలవదు. ఒక్కొక్కరి దగ్గరికి పోయి తన చెయ్యి చూపిచ్చి, బతిమిలాడి, నడిపిచ్చుకుంట డిచ్‌పల్లికి తోల్కపోయింది. ఆడ పుండ్లు కడిగే చేతులు తక్కువున్నయి. రోగం తెలిసిన చెయ్యి అయితే రోగులు భయపడరు. ఒకసారి పోయినామె మల్ల ఆడనే ఉండిపోయింది. ఆయా పని, పుండ్లు కడుగుడు, గుడ్డలు ఉడకపెట్టుడు. క్రిస్మస్‌కు, కోత పండుగకు ఇంటికి వచ్చేది. బతుకంత అదే.

సంఘంల ఆమె సాక్ష్యం చెప్తే అందరు స్తోత్రం అనేటోళ్లు. మా అమ్మ మాత్రం ఎనుక వరుసల తల వంచుకొని కూసునేది. ఇంటికొచ్చినంక పొయ్యి కాడ ఒక్కటే మాట అనేది: "మా అమ్మకు దేవుడు దొరికిండు. నాకు అమ్మ దొరకలే."

ఈ మాట దాసుకుంట ఎన్నో దినాలు బతికినం మేము. ఇట్లాంటి మాట బయటికి వస్తే సాక్ష్యం చెడిపోతదని భయం. చెడిపోదు బిడ్డా. ఇది గూడ చెప్తేనే సాక్ష్యం నిండుతది.

నాకు పద్దెనిమిదో పందొమ్మిదో ఉన్నప్పుడు అమ్మమ్మ ఇంటికి వచ్చి మంచం పట్టింది. ఒకనాటి రాత్రి మా అమ్మను పిలిచి కూసోబెట్టుకున్నది. నేను గడప కాడనే ఉన్న. అమ్మమ్మ అన్నది: "బిడ్డా, నేను పోయినందుకు నన్ను మన్నించు అని అడుగుత లేను. పోవుడు ప్రభువు పని. నిన్ను అడుగకుండ పోయిన, దానికి మన్నించు." మా అమ్మ చానసేపు పలకలే. తర్వాత అన్నది: "అడిగితే నేనే సద్ది కట్టి తోలేదాన్ని గదనే అమ్మా." ఇద్దరు ఒకల మెడ ఒకలు పట్టుకొని ఏడ్చిన్రు. ఆ రాత్రికి ముందు వాళ్లిద్దరు అట్ల ముట్టుకోంగ నేను చూడలే.

రెండేండ్లకు నేను నర్సు చదువుత, డిచ్‌పల్లిల పని చేస్త అని మా అమ్మను అడిగిన. మా నాయిన కంటె ముందు ఆమెను అడిగిన. ఆమె జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టి బస్సు దాక వచ్చింది. ఆమె ఆ మూట కట్టింది గాబట్టే నేను అన్నేండ్లు ఆ పని చేసిన.

ఇంకొక లెక్క ఉన్నది. 1950 ఆగస్టు 10 నాడు రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువులు కానోళ్లను షెడ్యూల్డు కులాలల్ల లెక్కపెట్టద్దని అందుల రాసి ఉన్నది. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిన్రు. మనోళ్లను కలుపలే. వాడ అదే, ఇంటి పేరు అదే, ఊరోళ్లు పిలిచే పిలుపు అదే. కాయితం మీద మాత్రం మనం బీసీ-సి, వందకు ఒక్క వంతు రిజర్వేషన్. మా నాయిన బడిల మా తమ్మునికి క్రైస్తవుడని రాపిచ్చిండు. దేవుని ముందట అబద్ధం రాయ అన్నడు. మంచి మాట. గని సీటు పోయింది మా నాయినకు కాదు, మా తమ్మునికి. వాడు షుగర్ ఫ్యాక్టరీల సీజన్ కూలి అయిండు. గుడికి రాక చాన ఏండ్లు దూరమున్నడు. తర్వాత ఎవ్వరు పిలువకుండనే వచ్చిండు. ఎందుకొచ్చినవురా అంటే, నాయిన ప్రభువు వేరు, నా ప్రభువు వేరు అనుకున్న, ఒక్కడే అని తెలిసింది అన్నడు. 2015 ఆఖరుకు ఫ్యాక్టరీ గూడ మూతవడ్డది.

కాయితం మీద వేరే తీరు రాపిచ్చుకొని ఆదివారం గుడికి వచ్చేటోళ్లు మనల్లనే ఉన్నరు. వాళ్లను నేను ఒక్క మాట అన. పిల్లల బువ్వ ముందర పెట్టి మనిషి విశ్వాసాన్ని తూకం వేసే చట్టం తప్పు. 2022ల కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది, ఈ సంగతి చూడుమని. న్యాయం అడుగుడు గూడ విశ్వాసమే, అడుగుతనే ఉండాలె.

మెదక్ గుడి చూసిన్రు గద. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిన్రు, కట్టెటానికి పదేండ్లు పట్టింది. ఆ గోపురం కిందికి పోయినప్పుడల్ల నాకు లూకా సువార్తల మాట యాదికొస్తది. గోపురం కట్టాలనుకున్నోడు ముందుగాల కూసొని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు తన ఎంబడి వచ్చే జనాన్ని అడిగిండు. మనం ఈ వాక్యం చదివితే నాకెంత ఖర్చు అనే చూస్తం. నాతోని నా ఇంటోళ్లకెంత అని చూడం. అదే అధ్యాయంల తల్లిదండ్రుల కంటె, ఆలుబిడ్డల కంటె, పాణం కంటె ప్రభువే ముందు ఉండాలె అని గట్టిగ ఉన్నది. తెలుసు నాకు, దాన్ని నేను పల్చగ చెయ్య. ప్రభువు మొదలు, ఇల్లు తర్వాత. తర్వాత అంటే లెక్కకే రారని కాదు. సిలువ మీద మేకుల నొప్పిల ఉండి గూడ ఆయన తల్లిని చూసి, రేపటి సంది ఈమె ఎవరింట్ల ఉంటదని ఆలోచన చేసి శిష్యుని చేతుల పెట్టిండు. లోకాన్ని రక్షించే పని మధ్యల గూడ అమ్మ సంగతి మర్వలే.

మన అయ్యగారు ఒకసారి జర్మనీ పాస్టరు బోన్‌హోఫర్ ముచ్చట చెప్పిండు. మన శక్కర్ ఫ్యాక్టరీ లేసిన 1937లనే ఆయన శిష్యరికం మీద పుస్తకం అచ్చేసిండు. అగ్గువ కృపను నమ్ముకోకున్రి అన్నడట. హిట్లరుకు ఎదురు నిలిచినందుకు 1945 ఏప్రిల్ 9 నాడు ఉరి తీసిన్రు. ఆయనతోని నిశ్చయమైన పిల్ల ఉండె. ముసలి తల్లిదండ్రులకు కొడుకు సావు సంగతి నెలలయినంక రేడియోల తెలిసింది. ఆయన గొప్పతనం అందరు చెప్తరు. ఆ రేడియో ముందట కూసున్న తల్లి గూడ ఖరీదు కట్టిందని నేను చెప్త.

ఇగ నీ ముచ్చటకు వస్త, పెద్ద మనుమరాలా. నువ్వు నర్సింగ్ పాసైనవు. మీ నాయిన దుబాయి ఎండల నిలవడి నిన్ను చదివిచ్చిండు. ఇంటి మీద అప్పు ఇంక ఉన్నది. నువ్వు గల్ఫ్ పోతే ఆ అప్పు తొందరగ తీరుతది. పోను, కుష్టు రోగుల దవఖానల తక్కువ జీతానికి పని చేస్త అంటున్నవు. ఆ పని ఇంక ఉన్నదా అని మీ అమ్మ అడుగుతున్నది.

ఉన్నది. 1982 సంది రెండు మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం ఉన్నది. ఇప్పుడు తక్కువ మచ్చలైతే ఆర్నెల్లు, ఎక్కువైతే ఏడాది. సర్కారు దవఖానల పుకట్‌కే ఇస్తరు. 2005 వరకు పదివేలకు ఒక్కరి కంటె తక్కువకు దిగింది అని సర్కారు చెప్పింది. నిజమే. గని ఏటా లోకంల కొత్తగ దొరికే కుష్టు రోగులల్ల సగానికి ఎక్కువ మన దేశంలనే ఉన్నరు. మొన్న 2019 దాక మొగుడు పెండ్లాలల్ల ఒకలకు కుష్టు ఉంటే విడాకులు తీసుకోవచ్చని చట్టంలనే ఉండె, మన క్రైస్తవుల చట్టంల సుత. అదిప్పుడు తీసేసిన్రు. మందు రోగాన్ని తీస్తది, ఎలివేతను తియ్యదు. దానికి మనిషి పోయి పక్కన కూసోవాలె.

అందుకని నిన్ను పోవద్దు అన. పొమ్మని గూడ అన, ముందు అడుగు. ఈ రాత్రే మీ నాయినకు ఫోన్ చెయ్యి. పిలుపు ఇది, జీతం ఇంత, అప్పు ఇంత, నేను పోతే నీ మీద ఇంత కాలం ఎక్కువ పడుతది, ఒప్పుకుంటవా నాయినా అని అడుగు. దేవుని పేరు చెప్పి ఆయన నోరు మూయకు. ప్రభువు చెప్పిండు, ఇంక మాట్లాడద్దు అనే మాట మన విశ్వాసుల ఇండ్లల్ల చానమంది గుండెలు పలగ్గొట్టింది. అడిగితే దేవుని పని ఆగదు. మా అమ్మమ్మ ఒక్కతే మోసింది, మా అమ్మ ఒక్కతే మోసింది. నేను అడిగిన గాబట్టి నేను, మా అమ్మ కలిసి మోసినం.

ఆయన ఒప్పుకోకుంటే కోపం చేసుకోకు. అప్పు తీరేదాక గల్ఫ్‌ల పని చేసి రా. ఆడ గూడ రోగులున్నరు, ఆడ గూడ ప్రభువు ఉన్నడు. డిచ్‌పల్లి యాడికి పోదు. ఒప్పుకుంటే మాత్రం ఒక్క దినం ఆలస్యం చెయ్యకు. జీతం తక్కువైతదని మీ అమ్మ భయపడుతున్నది గద. నాకు నెలనెల ఆసరా పించను వస్తది, నాకు పొగాకు లేదు, చాయ ఒక్కటే. ఆ పించను అప్పుల వెయ్యి. కాయితం తీసి ఎవరెవరు ఎంత మోస్తరో రాసుకో బిడ్డా, అందుల ముందుగాల నా పేరు రాయి.